మూడుసార్లు బాగుచేయించినా గేర్ ఆయిలు మళ్ళీ తెల్లబడింది. బోటు ఇంజనుకి నమ్మకమైన మెకానిక్ ఎవరైనా ఉన్నారా?

పాళెం కోడలు:

అన్నలకీ అక్కలకీ నమస్కారం. మాది కావలి దగ్గర సముద్రం ఒడ్డున పాళెం. ఇంటికి ఒక ఫైబర్ బోటు ఉంది, మామగారు కొన్నది. ఇప్పుడు దాని మీద మా ఆయన, మా మరిది, ఇంకో ఇద్దరు వేటకి పోతున్నారు. నేను బోటు ఎక్కను గానీ లెక్కలన్నీ నావే. పెట్రోలు ఎన్ని లీటర్లు పోశారు, ఐసు ఎంత, చేపలు ఎంతకి పోయాయి, బోటు వాటా ఎంత, మనిషి వాటా ఎంత, అన్నీ నోటుబుక్కులో రాస్తాను. డిగ్రీ చదివిన కోడలని కాపురానికి వచ్చిన వారానికే మామగారు ఆ పుస్తకం నా చేతిలో పెట్టారు. ఇప్పుడు ఆ పుస్తకం తెరిస్తేనే టెన్షన్‌గా ఉంది.

ఇంజను 9.9 హెచ్‌పీ, టూ స్ట్రోకు, వెనక తగిలించేది. నవంబరులో ఒకరోజు తిరిగొస్తుంటే కింద గేర్‌బాక్సులో కీచుమని మోత వచ్చిందట. ఒడ్డుకి వచ్చాక కింది బోల్టు విప్పితే ఆయిలుకి బదులు మజ్జిగ కారింది. నీళ్ళు దిగాయన్నాడు మా ఆయన. మెకానిక్‌కి ఇచ్చాం. నీళ్ళు దిగకుండా ఆపే రబ్బరు సీళ్ళు, గేర్ ఆయిలు, కూలి కలిపి 4,200. సంక్రాంతికి ముందు మళ్ళీ మజ్జిగే. ఆసారి 5,600. ఈ నెల మొదట్లో మూడోసారి ఇస్తే గేరు అరిగింది, మార్చానని 11,500 తీసుకున్నాడు. పది రోజులు తిరిగింది. మొన్న ఆదివారం అనుమానం వచ్చి విప్పితే అదే రంగు.

మధ్యలో ఒకసారి సముద్రంలో ఆరు కిలోమీటర్లు పోయాక ఇంజను తిరుగుతోంది గానీ నీళ్ళలో బోటుని నెట్టే ఫ్యాను తిరగడం లేదు. పక్క పాళెం బోటువాళ్ళు తాడు కట్టి లాక్కొచ్చారు. డబ్బు ఇస్తామంటే తీసుకోలేదు. పది లీటర్ల పెట్రోలు, ఒక వంజరం పంపించాం. ఆ రోజు మాకు పడిందే రెండు వంజరాలు.

అసలు తలనొప్పి ఇక్కడ ఉంది. ఆ మెకానిక్ బయటివాడు కాదు, మా ఆడబిడ్డకి సొంత మరిది. మార్చిన పాత గేరు చూపించమని అడిగాను. "పాత ఇనుము ఎందుకక్కా, పారేశా" అన్నాడు. అంతే. సాయంత్రానికి ఆడబిడ్డ ఫోను. "మా మరిదిని దొంగని చేశావంట గదా వదినా" అని ఒకటే ఏడుపు. మా ఆయన నన్నే కోప్పడ్డాడు.

కావలి, నెల్లూరు, ఒంగోలు మధ్యలో మీకు తెలిసిన మంచి మెకానిక్ ఉంటే చెప్పండి. మాకు ఇంజను లోపలి సంగతులు తెలియవు, కాబట్టి ఒక మనిషి సరిగ్గా చేస్తున్నాడో లేదో ఎట్టా కనిపెట్టాలో అది కూడా చెప్పండి. చుట్టరికం తెగకుండా ఇంకొకరి దగ్గరకి పోయే దారి ఉంటే అది ఇంకా ముఖ్యం.

కొత్తపట్నం వేట:

చెల్లెమ్మా, మనుషుల పేర్లు, నంబర్లు నేను ఇక్కడ రాయను. విడిగా పంపిస్తాను.

మెకానిక్ సంగతి తర్వాత. ముందు ఫ్యాను విప్పి చూశారా? పిన్ను లాగి, నట్టు తీసి, ఫ్యాను బయటికి లాగమనండి. ఫ్యాను తగిలించే కడ్డీ, అదే షాఫ్టు, దాని మొదట్లో నైలాన్ దారం చుట్టుకుని ఉండొచ్చు. తెగిన వల ముక్కలు నీళ్ళలో ఎన్ని తేలుతుంటాయో మీ ఆయనకి నేను చెప్పాల్సిన పని లేదు. ఒక పోగు ఫ్యాను వెనక్కి దూరిందంటే చుట్టుకుంటూ చుట్టుకుంటూ పోయి సీలు పెదవిని కోసేస్తుంది. బయటికి ఏమీ కనపడదు. కొత్త సీలు వేసినా ఆ దారం అక్కడే ఉంటే వారానికే మళ్ళీ కోస్తుంది. నాకు రెండేళ్ళ కింద ఇట్టానే అయింది, నేనూ రెండు సీళ్ళు దండగ చేసుకున్నా. తర్వాత బ్లేడు పెట్టి కోస్తే గుప్పెడు దారం వచ్చింది. ఇప్పుడు పదిహేను రోజులకోసారి ఫ్యాను విప్పకపోతే నాకు నిద్ర పట్టదు.

మనిషిని ఎట్టా కనిపెట్టాలి అన్నావు. నేనైతే షెడ్డుకి పోయి నేల చూస్తాను. మాట కాదు, నేల. విప్పిన ఇంజను బోల్టులు ఒక డబ్బాలో, దాని పక్కన ఇంకో ఇంజనువి ఇంకో డబ్బాలో ఉన్నాయా, లేకపోతే మూడు ఇంజన్ల సామాను ఒకే గోనెసంచి మీద కుప్పగా ఉందా? కుప్ప కనపడితే ఒక టీ తాగి వచ్చేస్తా.

ఐటీలో పాళెం పిల్లోడు:

ఇంత చర్చ ఎందుకండీ? కంపెనీ ఆథరైజ్డ్ సర్వీస్ సెంటరుకి తీసుకెళ్ళండి. బిల్లు ఉంటుంది, వారంటీ ఉంటుంది. ఆన్‌లైన్‌లో రివ్యూలు చూసుకుని వెళ్తే సరిపోతుంది.

కొత్తపట్నం వేట:

తమ్ముడూ, ఇంజను 35 కిలోల పైమాటే. దాన్ని ఆటోలో వేసుకుని పట్నం పోయి, వాళ్ళు రేపు రండి అంటే ఆగి, తెచ్చుకునేలోపు నాలుగు రోజుల వేట పోతాది. ఆ నాలుగు రోజులు నలుగురు మనుషులు ఒడ్డున కూర్చోవాలి. కవళ్ళ చేపలు బాగా పడే రోజుల్లో అయితే ఆ నష్టం మెకానిక్ బిల్లు కంటే పెద్దది. నువ్వు హైదరాబాద్‌లో కూర్చుని సింపుల్‌గా చెప్పేశావు.

పాత ఫిట్టరు:

అమ్మాయ్, నేను చెన్నై సిఫ్‌నెట్‌లో, అంటే చేపల వేట పనులు నేర్పే కేంద్ర ప్రభుత్వ సంస్థలో, మెరైన్ ఫిట్టర్ కోర్సు చేసినవాణ్ణి. రెండేళ్ళ కోర్సు అది. తర్వాత చాలా ఏళ్ళు ట్రాలర్ల మీద పనిచేసి ఇప్పుడు నెల్లూరులో ఇంటి పట్టున ఉన్నాను. మోకాళ్ళు సహకరించక స్పానరు వదిలేశాను, కాబట్టి నీ పని నేను తీసుకుంటానని అనుకోవద్దు.

ముందు ఒక సంగతి అడుగుతాను. నీ దగ్గర బిల్లులు ఉన్నాయా? ఉంటే గేర్ ఆయిలు ఎంత రాశాడో చూడు. ఆ సైజు ఇంజను గేర్‌బాక్సులో పట్టేది దాదాపు పావు లీటరు. మజ్జిగ అయినదాన్ని ఒకసారి కొత్త ఆయిలు పోసి కడిగి పారబోసినా అర లీటరు దాటదు.

ఇక ఆయిలు ఎందుకు తెల్లబడుతుంది? కొత్తపట్నం తమ్ముడు చెప్పిన దారం మొదటి కారణం. రెండోది, సీలు కూర్చునే చోట షాఫ్టు మీద గాడి పడి ఉండటం. ఫ్యాను షాఫ్టుని గుడ్డతో తుడిచి గోరు పెట్టి అడ్డంగా గీకమను. గోరు తట్టుకుంటే గాడి ఉన్నట్టు. అప్పుడు ఎన్ని సీళ్ళు మార్చినా నీళ్ళు దిగుతూనే ఉంటాయి. మూడోది చాలా చిన్నది, అందుకే ఎవరూ పట్టించుకోరు. ఆయిలు తీసే బోల్టులు రెండు ఉంటాయి, వాటి కింద వాషర్లు. నలిగిపోయిన ఆ పాత వాషరే మళ్ళీ వేసి బిగిస్తే అక్కడి నుంచి కూడా నీళ్ళు పోతాయి. వాషరు ఖరీదు ఎంతమ్మా, టీ నీళ్ళ డబ్బు.

వీటిలో ఏదో తేల్చుకోకుండా సీలు మార్చడం అంటే గుడ్డిగా మందు వేయడమే. తేల్చుకోవడానికి ఒక పరీక్ష ఉంది. ఆయిలు తీసేసి, ఒక బోల్టు బిగించి, రెండో రంధ్రానికి గొట్టం తగిలించి, మీటరు ఉన్న చేతి పంపుతో గాలి కొట్టాలి. మీటరులో గాలి ఒత్తిడి 10 పీఎస్ఐ దాకా చాలు, ఎక్కువ కొడితే బాగున్న సీలు కూడా లేచిపోతుంది. మీటరు ముల్లు కదలకుండా నిలబడితే సరే. దిగిపోతుంటే గేర్‌బాక్సుని నీళ్ళ తొట్టిలో ముంచు. బుడగలు ఎక్కడ వస్తే తప్పు అక్కడ. మెకానిక్‌ని పరీక్షించడానికి నాకు తెలిసిన మంచి ప్రశ్న ఇదే: "అన్నా, బిగించాక గాలి పెట్టి చూపిస్తావా?" అని అడుగు. పని తెలిసినవాడు చూపిస్తాడు. తెలియనివాడికి కోపం వస్తుంది.

ఆయిలు పోసే పద్ధతి కూడా గమనించు. కింది రంధ్రం నుంచి ఎక్కించాలి, పై రంధ్రం నుంచి బయటికి కారేదాకా. ముందు పై బోల్టు పెట్టి, ఆ తర్వాత కిందిది. పై నుంచి గరాటు పెట్టి పోసేవాడు కనపడితే అక్కడే ఆపెయ్యి, లోపల గాలి నిలిచిపోయి సగమే నిండుతుంది.

మీ చుట్టం దొంగ అని నేను అనను. మోటారు సైకిళ్ళు చేసి చేసి, అదే చేత్తో బోటు ఇంజన్లు విప్పేవాళ్ళు మన ఒడ్డు పొడుగునా ఉన్నారు. మోటారు సైకిలు ఉప్పునీళ్ళలో మునగదు కదా. వాళ్ళకి ఈ పరీక్ష ఎవరూ చూపించి ఉండరు.

ఇంకొకటి. వేట నుంచి రాగానే ఇంజనుని మంచినీళ్ళలో తిప్పుతున్నారా?

పాళెం కోడలు:

పెద్దాయనా, మీరు అడిగారని ఇప్పుడే బిల్లులు తీశాను. బిల్లులు అంటే సిగరెట్టు అట్ట వెనక రాసిన కాగితాలు. మూడుసార్లూ గేర్ ఆయిలు ఒక లీటరు అని ఉంది. పావు లీటరు పట్టే దాంట్లో మూడు లీటర్లు పోశాం. మా ఆయనకి చూపించాను. ఏం మాట్లాడలేదు, బయటికి పోయి బీడీ కాల్చుకుని వచ్చాడు.

మంచినీళ్ళ సంగతి నిజం చెప్పాలంటే సిగ్గుగా ఉంది. తిప్పడం లేదు. మాకు తాగే నీళ్ళకే బిందెలు వరస పెట్టాలి. చుట్టూ రొయ్యల గుంటలు, బోరు వేస్తే ఉప్పే. ఇంజనుకి డ్రమ్ము నీళ్ళంటే అత్తగారు నన్ను ఇంట్లో ఉండనిస్తుందా?

పాత ఫిట్టరు:

డ్రమ్ము నిండా అక్కర్లేదు. ఇంజను కాలు, అంటే కింది భాగం మునిగి, నీళ్ళు పీల్చే జల్లెడ కూడా పూర్తిగా మునిగేదాకా నీళ్ళు ఉంటే చాలు. అవే నీళ్ళు రెండు మూడు రోజులు వాడుకోవచ్చు, నాలుక మీద వేసుకుంటే ఉప్పగా తగిలేదాకా. పది నిమిషాలు నెమ్మది మీద తిప్పాలి. గేరు న్యూట్రల్‌లో ఉండాలి, పిల్లల్ని దగ్గరకి రానివ్వొద్దు. వెనక రంధ్రం నుంచి సన్నగా ధార కొడుతోందో లేదో చూస్తుండాలి.

ఆ ధార గురించి మనవాళ్ళకి చెప్పక్కర్లేదులే. "ఇంజను ఉచ్చ పోస్తోందా" అని చూడకుండా ఎవరూ ఒడ్డు దాటరు. అది సన్నబడిందంటే లోపల నీళ్ళు తోడే రబ్బరు రెక్కల చక్రం, అదే ఇంపెల్లరు, అరిగిందనో, దారిలో ఉప్పు పేరుకుందనో అర్థం. ఇంపెల్లరు ఏడాదికోసారి మార్చండి. కాలుకి ఒక జింకు ముక్క బిగించి ఉంటుంది, ఉప్పునీళ్ళు ఇంజనుని తినకుండా ముందు దాన్ని తింటాయి. సగం కరిగితే కొత్తది వేయాలి. కొందరు అది బాగా కనపడాలని రంగు పూస్తారు. పూస్తే అది పనిచేయదు.

నీ నోటుబుక్కు గురించి విని సంతోషపడ్డాను. మీ బోటుకి గంటలు లెక్కపెట్టే మీటరు ఉండదు కదా. పెట్రోలు లెక్క ఉందిగా, దానితోనే గంటలు తియ్యి. గంటకి నాలుగు లీటర్లు తాగుతుందనుకుంటే నాలుగు వందల లీటర్లకి వంద గంటలు. వంద గంటలకోసారి గేర్ ఆయిలు మార్చాలి. మెకానిక్ గుర్తు చేయడు, నీ పుస్తకమే గుర్తు చేయాలి.

ఆ ఐటీ అబ్బాయి మాటలో ఒక ముక్క నిజం ఉంది, తీసిపారేయొద్దు. పని ఎక్కడ చేయించినా సీలు, ఇంపెల్లరు మాత్రం కంపెనీ సామాను మీరే కొని చేతికి ఇవ్వండి. మనవాళ్ళు చాలామంది సామానుకి చెన్నైలో కాశిమేడు చేపల రేవుకి పోతారు. అక్కడ అసలూ దొరుకుతుంది, అచ్చం అసలు లాంటి నకలూ దొరుకుతుంది. పాత సీలు మీద ఉన్న నంబరు రాసుకుని పొమ్మను.

ఇసకపల్లి అక్క:

ఇంజను సంగతి వాళ్ళు చెప్పారు, చుట్టరికం సంగతి నేను చెప్తా. మా ఇంట్లో మెకానిక్ నా సొంత తమ్ముడు. నీకంటే గట్టి ముడి పడింది నాకు.

నేను చేసిన తప్పు ఏంటంటే, నీలాగే నేనే నోరు తెరిచి అడిగాను. కోడలు అడిగితే నింద, మామ అడిగితే పెద్దరికం. నువ్వు ఇంకొక మాట మాట్లాడకు. మీ మామగారి చేత చెప్పించు. అది కూడా "నీ పని బాగాలేదు" అని కాదు. "ఈసారి వేట నిషేధంలో ఇంజను మొత్తం విప్పించాలనుకుంటున్నా, దానికి వేరే చోట గాలి పరీక్ష చేస్తారంట, నువ్వూ రా, చూద్దాం" అని. వాణ్ణి వెంట తీసుకుపోవడమే మందు. వస్తే నేర్చుకుంటాడు. రాకపోతే పిలిచాం, రాలేదు అని మీ మాట నిలుస్తుంది. ప్లగ్గులు, కార్బొరేటరు క్లీనింగు లాంటి చిన్న పనులు వాడి దగ్గరే ఉంచండి. ఇంటికి వస్తూ పోతూ ఉంటాడు.

నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు. అందరూ ఏప్రిల్, మే నెలలు పెళ్ళిళ్ళకీ తిరునాళ్ళకీ తిరిగి, జూన్ మొదటి వారంలో ఇంజను భుజానేసుకుని మెకానిక్ మీద పడతారు. అప్పుడు ఎంత మంచివాడైనా గాలి పరీక్ష చేయడు, బిగించి పంపేస్తాడు. ఏప్రిల్ 16నే ఇచ్చెయ్యండి. డబ్బు కోసం ఆగాల్సి వస్తుందని నాకు తెలుసు. నిషేధం రోజులకి ప్రభుత్వం ఇచ్చే 20 వేలు చేతికొచ్చాక చూద్దాంలే అనుకుంటాం. అది వచ్చేసరికి బియ్యం అప్పు ముందు నిలబడి ఉంటుంది.

కానీ నీది నిషేధం దాకా ఆగే జబ్బు కాదు. ముందు ఆ ఫ్యాను విప్పించు.

కొత్తపట్నం వేట:

ఏమైంది చెల్లెమ్మా? దారం దొరికిందా లేదా? ఇక్కడ నేనూ మా బావా పందెం కాసుకున్నాం.

పాళెం కోడలు:

మీరు గెలిచారన్నా. ఆలస్యానికి ఏమీ అనుకోకండి, మధ్యలో అత్తగారికి జ్వరం.

ఇసకపల్లి అక్క చెప్పినట్టే మామగారి చేత ఫోను చేయించాను. ఆయన పెద్ద మాటకారి కాదు, "రేపు పొద్దున ఫ్యాను విప్పుతున్నాం, నువ్వు రావాలి" అని పెట్టేశారు. ఆడబిడ్డ మరిది వచ్చాడు, మొహం గంటు పెట్టుకునే వచ్చాడు. ఫ్యాను లాగితే షాఫ్టు మొదట్లో ఉంగరంలా గట్టిగా ఉంది దారం. నలుపూ ఆకుపచ్చా కలిసిపోయి, వేడికి అతుక్కుపోయి, ఇనుములో భాగమేమో అనిపించేట్టుగా. మా మరిది కత్తితో కోస్తే మూడు ముక్కలుగా వచ్చింది. ఆడబిడ్డ మరిది చాలాసేపు ఆ ముక్కల్ని చేతిలో పట్టుకుని చూశాడు. "ఇది నేను చూడలేదక్కా" అన్నాడు. ఆ ఒక్క మాటకి నాకు సగం కోపం పోయింది. మిగతా సగం లీటరు ఆయిలు దగ్గర ఆగి ఉంది.

తర్వాత కొత్తపట్నం అన్న విడిగా పంపిన ఇద్దరిలో దగ్గరున్న ఆయన దగ్గరకి తీసుకుపోయాం. షెడ్డు నేల నేనే చూశాను, నన్ను చూసి మా ఆయన నవ్వాడు. డబ్బాలు విడివిడిగానే ఉన్నాయి. గాలి పెట్టి చూపిస్తారా అని అడిగితే ఆయన ఏమీ అనకుండా పంపు తెచ్చాడు. తొట్టిలో ముంచితే షాఫ్టు దగ్గర గొలుసులాగా బుడగలు, కింది బోల్టు దగ్గర ఒకటీ అరా. షాఫ్టు మీద గాడి ఉంది, గోరు తట్టుకుంది. కొత్త షాఫ్టు వేయడానికి ఇప్పుడు డబ్బు లేదని చెప్పాం. సీలుని కొంచెం పక్కకి జరిపి కూర్చోబెడితే పెదవి గాడి మీద కాకుండా నున్నటి చోట పడుతుంది, నిషేధం దాకా లాగుతుంది, అప్పుడు షాఫ్టు మార్చండి అన్నాడు. మళ్ళీ గాలి పెడితే ముల్లు కదల్లేదు. వాషర్లు రెండూ కొత్తవి వేశాడు. అంతా కలిపి 2,900. పాత సీళ్ళు నేను అడగకముందే కవరులో వేసి ఇచ్చాడు.

గేరు సంగతి కూడా అడిగాను, ఇది నిజంగా కొత్తదేనా అని. "పళ్ళు బాగున్నాయమ్మా, ఇంకా తిరుగుతాది" అన్నాడు. కొత్తదా పాతదా అని మళ్ళీ అడిగితే బోల్టు బిగించుకుంటూ ఉండిపోయాడు. ఇంకొకరి పని మీద నోరు చేసుకోడేమో. నేనూ వదిలేశాను.

నీళ్ళకి దారి దొరికింది. అత్తగారు బియ్యం కడిగిన నీళ్ళు, బట్టలు ఆఖరిసారి జాడించిన నీళ్ళు ఒక సగం కోసిన డ్రమ్ములో పోయనిస్తోంది. పెద్దాయనా, బియ్యం నీళ్ళు పరవాలేదా?

పాత ఫిట్టరు:

బియ్యం నీళ్ళు వద్దమ్మా, గంజి లోపల పేరుకుంటుంది. అవి గేదెకి పోయండి. జాడించిన నీళ్ళలో సబ్బు నురగ లేకపోతే వాడొచ్చు, గుడ్డలో వడగట్టి.

పాళెం కోడలు:

సరే, గేదె సంతోషిస్తుంది.

ఇవాళ్టికి పందొమ్మిది రోజులు. పుస్తకం ప్రకారం 236 లీటర్లు, అంటే దాదాపు అరవై గంటలు. నిన్న రాత్రి టార్చి పట్టుకుని కింది బోల్టు కొంచెం వదులు చేసి నాలుగు చుక్కలు తీసి చూశాం. తేనె రంగు. మా ఆయన వేలితో రుద్ది, వాసన చూసి, నాకు కూడా వాసన చూపించాడు.

ఆడబిడ్డ మాత్రం ఇంకా ఫోను ఎత్తడం లేదు. వాళ్ళ మరిది నిన్న వచ్చి కార్బొరేటరు కడిగి పోయాడు, డబ్బులు తీసుకోలేదు. ఆ గాలి పంపు ఎక్కడ దొరుకుతుందని అడిగాడు. మీటరు ఉన్నది ఎక్కడ కొనాలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి.